అక్క తీసుకున్న సీటు

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు రాబర్ట్‌సన్‌పేటలోని మా ఇంటికి వచ్చి, హాల్లో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, నేను కాఫీ కలిపి తెచ్చేలోగా తన జీవితాన్ని నిర్ణయించేసుకుంది. పిల్ల ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ ముగించి, పీజీ సీటు కోసం కోర్సుల పేర్లూ కాలేజీల పేర్లూ తనకు కావలసిన వరుసలో ఫోనులో పేరుస్తోంది. గ్లాసు చేతికిస్తుంటే తల ఎత్తకుండానే, "లాక్ చేసేసినా అత్తా. ఇంగ వాళ్ళేమిస్తే అది" అంది. అంతే, అయిపోయింది. నాకు సంతోషం కలిగింది, కలగలేదని అనను. కానీ ఆ సంతోషం అడుగున, అరవై దాటిన ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, చిన్న మంట లేచింది. ఇంత తేలిగ్గా, ఎవరి ముఖమూ చూడకుండా ఈ పిల్ల దాటేసిందే అని. ఆ మంట నాకు కొత్తది కాదు. నాలాగే ఒకప్పుడు హాల్లో నిలబడి, పేరు పిలిపించుకుని సీటు తీసుకున్నవాళ్ళకు చెబితే అర్థమవుతుందని రాస్తున్నాను.

మా తాత చిత్తూరు పక్క పల్లె నుంచి కోలారు బంగారు గని పనికి వచ్చిన మనిషి. నాన్న కూడా ఆ గనిలోకే దిగాడు. మేము గని కార్మికులకు వరుసగా కట్టిన లైను ఇళ్ళలో పెరిగాం. మా పెద్దమ్మను మాత్రం శ్రీనివాసపురం దగ్గర మామిడితోటలవాళ్ళకు ఇచ్చారు. ఆమె కూతురు నాకంటే నాలుగు నెలలు పెద్ద, ఆ నాలుగు నెలల పుణ్యానికి నేను జన్మంతా ఆమెను అక్కా అని పిలవాల్సి వచ్చింది. ఇద్దరం ఒకే ఏడు ఒకే మెడికల్ కాలేజీలో చేరాం. నేను పుస్తకంలో అక్షరం వదలకుండా బట్టీ పట్టేదాన్ని. అక్కకు పుస్తకం తెరిస్తే నిద్ర వచ్చేది. కానీ వార్డులో నిండు గర్భిణి పొట్ట మీద చెయ్యి ఆనించిందంటే బిడ్డ తల ఎక్కడుందో, వీపు ఏ పక్కనుందో ఇంట్లో సామాను చూపించినట్టు చెప్పేసేది. నేను అదే పొట్టను పదిసార్లు తడిమి, పుస్తకంలో బొమ్మను గుర్తు తెచ్చుకుని, చివరికి తప్పు చెప్పేదాన్ని. చిక్కేమిటంటే ఇద్దరికీ కావలసింది ఒకటే, కాన్పుల విభాగం. నాకు ఆ విద్య అంటే ఆశ, అక్కకు అది చేతిలోనే ఉంది.

పీజీ ప్రవేశ పరీక్షకు ఇద్దరం పెద్దమ్మవాళ్ళ తోటలోనే చదివాం. కాయల కాలం. బయట లారీలకు గంపలెత్తుతుంటే మేము పాకలో గడ్డి మీద కూర్చునేవాళ్ళం. నేను గట్టిగా చదివేదాన్ని, అక్క కళ్ళు మూసుకుని పడుకుని వినేది. నిద్రపోయిందనుకుని ఆపితే, "ఆపినావేమే, చదువు" అనేది. నేను మూడుసార్లు చదివితే గానీ పట్టనిది ఆమెకు ఒక్కసారి వింటే పట్టేది. ఫలితాలు వచ్చినప్పుడు అక్క నాకంటే సరిగ్గా ఒక్క ర్యాంకు ముందుంది. అరిగింది నా గొంతు, ర్యాంకు ఆమెకు.

సీట్లు తీసుకోవడానికి బెంగళూరు వెళ్ళాం. పెద్ద హాలు, ముందు బల్ల దగ్గర అధికారులు, గోడకు ఆనించిన నల్లబోర్డు మీద కోర్సులూ, ఎదురుగా మిగిలిన సీట్లూ. ఒక్కొక్కరు లేచి వెళ్ళి సీటు తీసుకున్నప్పుడల్లా ఒక మనిషి తడిగుడ్డతో అంకె తుడిచి కొత్త అంకె వేసేవాడు. ఆ గుడ్డ వంకే అందరి కళ్ళూ. మా వంతు దగ్గరికి వచ్చేసరికి కాన్పుల విభాగంలో ఒక్క సీటు మిగిలింది. అక్క నా వైపు తిరిగింది.

"ఏమే, నీకు కావాల్నా అది? చెప్పు. నేను పిల్లల జబ్బులది తీసుకుంటా, నాకేం కష్టం లేదు."

నిజంగానే అడిగింది. ఆ కళ్ళు ఇప్పటికీ నాకు తెలుసు. నోరు తెరిచి ఒక్కమాట, కావాలి అని అంటే నా దారే వేరుగా ఉండేది. కానీ ఆమె వదిలేసింది ఏరుకోవడమా అని నాలో పొగరు అడ్డం నిలిచింది. "నాకేం వద్దు, పో అక్కా, నిన్నే పిలస్తా ఉండారు" అన్నాను. ఆమె వెళ్ళింది. ఆ మనిషి గుడ్డ తీసుకుని ఒకటిని తుడిచి సున్నా వేశాడు. నా పేరు పిలిచినప్పుడు మిగిలినవాటిలో మత్తు వైద్యం తీసుకున్నాను. తిరుగు ప్రయాణంలో అక్క బస్సులో నా భుజం మీద తల వాల్చి కోలారు దాకా నిద్రపోయింది. నాకు భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు. ప్రేమ వల్ల కాదు. కదిపితే లేస్తుంది, లేస్తే మాట్లాడాలి.

ఇంట్లో అమ్మకు నా చదువు ఏమిటో అర్థం చేయించడానికే వారం పట్టింది. "అంటే నువ్వు సూదేసి పడుకోబెడితే, మీ అక్క బిడ్డను తీస్తాదా?" అంది. అవును, సరిగ్గా అంతే. లైనులో ఎవరు అడిగినా అమ్మ ముందు అక్క సంగతి చెప్పి, ఆ తరువాత నా సంగతి చెప్పేది. ఆపరేషన్ థియేటర్లో నేను తలవైపు కూర్చుని ఊపిరి లెక్క చూసుకుంటుంటే, తెర అవతల వేరెవరో బిడ్డను పైకెత్తేవాళ్ళు. బయట బంధువులు వాళ్ళకే దండం పెట్టేవాళ్ళు. నేను మత్తిచ్చిన తల్లికి మెలకువ వచ్చాక నా ముఖం కూడా గుర్తుండేది కాదు. ఆ దండాలన్నీ వేరే కాలేజీలో ఉన్న అక్కకే అందుతున్నట్టు ఊహించుకుని కుమిలేదాన్ని.

చదువు చివర ప్రాక్టికల్ పరీక్షలు వచ్చాయి. నేను మొదటిసారే పాసయ్యాను. అక్క తప్పింది. రోగిని చూడడంలో కాదు, నోటి పరీక్షలో. నలుగురు పరీక్షకులు ఎదురుగా కూర్చుని అడిగేసరికి నోట మాట రాలేదట. కబురు తెలిసిన రోజు నేను అయ్యో అన్నాను, ఆ తరువాత వంటింట్లోకి పోయి ఒంటరిగా నవ్వుకున్నాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని మాట ఇది.

ఆరునెలల తరువాత మళ్ళీ పరీక్ష. ఒకరోజు అక్క సంచీ పట్టుకుని మా ఇంట్లో దిగింది. "నువ్వు పరీక్షకురాలి మాదిరి కూర్చోని నన్ను అడుగే. నీ ముందర నోరు లేస్తే యాడైనా లేస్తాది" అంది. సరే అన్నాను. నాకు ఇంతకంటే ఏం కావాలి? వరండాలో బల్ల వేసుకుని, ఆమెను ఎదురుగా నిలబెట్టి, వారాల తరబడి అడిగాను. జవాబు సగంలో ఉండగానే ఇంకో ప్రశ్న వేసేదాన్ని. సరైన జవాబు చెప్పినా ముఖం చిట్లించేదాన్ని. ఎవరూ అడగని మూలల్లోంచి వెతికి తెచ్చి అడిగేదాన్ని. అక్కకు ఒకటి రెండుసార్లు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఆపలేదు. రిటైరై ఇంట్లో ఉన్న నాన్న మూలన కూర్చుని వింటూ ఒకనాడు ఉండబట్టలేక, "ఏమ్మా, పోలీసోళ్ళు దొంగను అడిగినట్ల అడగతా ఉండావే ఆ బిడ్డను?" అన్నాడు. అక్కే అడ్డుపడి, "ఉండనీ చిన్నాయనా, అట్లే అడగాల" అంది.

పరీక్షయిన సాయంత్రం ఫోను చేసింది. బిడ్డ ముఖం ముందుగా వచ్చి, గడ్డం తల్లి వెన్నువైపు తిరిగి ఉంటే కాన్పు ఎందుకు జరగదని నేను కావాలని పదేపదే అడిగి ఏడిపించిన ప్రశ్న ఉంది చూడండి, పరీక్షకులు మొదట అడిగింది అదేనట. గడగడా చెప్పేసిందట. అక్క పాసైంది. ఆనాటి నుంచి చుట్టాల్లో, తోటి డాక్టర్లలో, ఆఖరికి తన రోగులతో కూడా, నేను ఈ స్థితిలో ఉండానంటే మా చెల్లెలు చదివించినందుకే అని చెప్పుకోవడం మొదలుపెట్టింది. వాళ్ళు నా వైపు మెచ్చుకోలుగా చూస్తే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

మరి కొన్నేళ్ళకు నా కాన్పు కష్టమైంది. కొయ్యక తప్పదన్నారు. కోసింది అక్కే. నడుముకు మందు ఇచ్చారు కాబట్టి నాకు మెలకువగానే ఉంది. తెర అవతల ఆమె చేతులు తొందర లేకుండా, తడుముకోకుండా పనిచేస్తున్నట్టు అడిగే పనిముట్ల పేర్లను బట్టే తెలుస్తోంది. నా బిడ్డ బయటికి వస్తున్న ఆ నిమిషంలో కూడా, నేను ఇంత బాగా ఎన్నటికీ చేసి ఉండేదాన్ని కాదే అని లోపల కాలిపోయాను. బిడ్డ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నర్సు ఆనందం అనుకుంది, అందులో సగమే ఆనందం.

మరునాడు అక్క కుట్లు చూడడానికి వచ్చినప్పుడు ఇక దాచలేక చెప్పేశాను. ఆ రోజుల్లో నేను నిన్ను చదివించలేదక్కా, నీ మీద కుళ్ళుతో అట్లా అడిగాను, నువ్వు తప్పినప్పుడు నవ్వుకున్నాను కూడా అని. ఆమె కట్టు సర్దుతున్న చెయ్యి ఆపలేదు.

"తెలుసులేవే. అందుకే మీ ఇంటికి వచ్చినా. ప్రేమ ఉండేవాళ్ళు సులభమైనవి అడగతారు. మా నాయనైతే నేను తప్పు చెప్పినా పాసైనావు పోమ్మా అనుండును."

కట్టు ముగించి, "బిడ్డకు పాలు పట్టు, ఆకలి మీద ఉండాది" అని వెళ్ళిపోయింది.

ఆ మాటతో నా అసూయ తీరిపోయిందని రాస్తే అందంగా ఉంటుంది గానీ, అబద్ధమవుతుంది. పెద్ద మనసు కూడా ఆమెకే దక్కిందని ఇంకొంచెం పెరిగింది. ఇప్పుడు అక్క శ్రీనివాసపురంలోనే ఉంటోంది. మోకాళ్ళు నడవనివ్వకపోయినా, ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళు తమ బిడ్డల్ని ఎత్తుకుని చూపించడానికి వస్తూనే ఉంటారట. ఫోనులో ఆ సంగతి చెప్పినప్పుడల్లా నాకు గుండెలో ఎక్కడో చురుక్కుమంటుంది. ఫోను రాని వారం మాత్రం నాకే తోచదు, నేనే చేస్తాను.

ఇప్పటి పిల్లలు మాకంటే ఎక్కువే చదువుతున్నారు, మాకంటే ఎక్కువే భయపడుతున్నారు. కానీ తమకు దక్కని సీటు ఎవరికి దక్కిందో వాళ్ళకు తెలియదు. జాబితాలో ఒక ర్యాంకు, అంతే. మేము ఓడిపోతే ఓడించిన మనిషిని ఎదురుగా చూసేవాళ్ళం. తిట్టుకునేవాళ్ళం, వాళ్ళు తప్పితే నవ్వుకునేవాళ్ళం, ఎప్పుడో ఒకనాడు వాళ్ళ ముందే ఒప్పుకుని తేలికపడేవాళ్ళం. ఒక అంకెను పట్టుకుని ఎన్నాళ్ళని అసూయపడగలం? పడినా, వెళ్ళి దాని దగ్గర ఎట్లా ఒప్పుకుంటాం?