ఊరగాయ సీసాలో నీళ్లు యాడ పారబోసినావ్?

మా నాయన పాత కారుకు నిన్న నంద్యాలలో నా మనవరాలు, రేడియేటర్ నుంచి పొంగే నీళ్లు పట్టే కూలెంట్ డబ్బా బిగించింది. తళతళలాడే అల్యూమినియం డబ్బా వద్దని, లోపలి నీళ్లు కనిపించే ప్లాస్టిక్‌దే ఎంచుకుంది.

"మూత తీయకుండానే ఎంతుండాయో తెలుస్తాది అవ్వా" అంది.

మన కాలంలో కార్లకు ఇవెక్కడివి? రేడియేటర్ మరిగితే నీళ్లు రోడ్డు పాలయ్యేవి, గుర్తుందా? మా నాయన మాత్రం అమ్మ నిమ్మకాయ ఊరగాయ సీసాను పక్కన తీగతో కట్టి, రేడియేటర్ గొట్టాన్ని అందులో ముంచాడు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల చేరేసరికి సీసా నిండేది, ఊరగాయ వాసనతో సహా. ఒకసారి నంద్యాలలో కారు ఆపి, కాసేపాగి చూస్తే సీసా సగమే ఉంది.

"నీళ్లు యాడ పారబోసినావ్?"

"నేను ముట్టుకోలేదు నాయనా!"

"మరి ఇంజన్ తాగిందా?"

తమ్ముడికి రంగు సోడా, నాకు వీపు మీద ఒక్కటి.

నిన్న ఇంజన్ ఆపి టీ తాగుతుంటే, డబ్బాలో నీళ్లు వాటంతటవే దిగిపోతున్నాయి.

"పాపా, ఇవి యాడికి పోతాండాయి?"

"ఇంజన్ చల్లారితే రేడియేటరే వెనక్కి పీల్చుకుంటాది అవ్వా."

ఇన్నేళ్లకు అసలు దొంగ దొరికింది. నా వీపు మీద పడిన దెబ్బను కారు బానెట్ మీద తిరిగి ఇచ్చేశాను.