మార్తమ్మ రెండోసారి చెప్పిన సాక్ష్యం

2023 మే నెల. చింతామణిలోని ఒక రక్తపరీక్షా కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా నాకది పందొమ్మిదో సంవత్సరం. అంత దూరం రాలేనివారి కోసం మంగళవారాలు చాకవేలుకు వెళ్ళి రక్తం సేకరించి తెచ్చేవాణ్ణి. ఎవరి రక్తం ఎన్ని గంటలకు తీశానో, ఎప్పుడు పరీక్షించానో డైరీలో రాసుకోవడం నా అలవాటు.

చక్కెర పరీక్షకు ఫ్లోరైడ్ ట్యూబ్ వాడాలి. అందులోని మందు, రక్తకణాలు చక్కెరను తినేయకుండా ఆపుతుంది. ఆ నెలలో ఒక మంగళవారం నా దగ్గర అవి ఐదే మిగిలాయి. ఆరో మనిషి మార్తమ్మ. యాభై ఎనిమిదేళ్ళ వేరుశనగ రైతు, బాగేపల్లిలో నేను వెళ్ళే చర్చికే వస్తుంది. త్వరగా పరీక్షిస్తే చాలుననుకొని ఆమె రక్తాన్ని మామూలు గొట్టంలో తీశాను. బట్లహళ్ళి దగ్గర బస్సు చెడిపోయింది. ఉదయం ఏడుకు తీసిన రక్తాన్ని సాయంత్రం నాలుగుకు పరీక్షించాను. 98 వచ్చింది. సంతకం పెట్టాను.

ఆదివారం ఆరాధనలో మార్తమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. దేవుడు చేసిన మేలును సంఘం ముందు చెప్పడమే మాకు సాక్ష్యం.

"మూడు నెలలు శుక్రవారం శుక్రవారం ఉపవాసముండి ప్రార్థన చేస్తి. నూట అరవై ఎనిమిది ఉండిన చక్కెర తొంభై ఎనిమిదికొచ్చింది. ఇదో, కాగితం ఉండాది. ఈ పొద్దు నుంచి మాత్రలు మింగను!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మధ్యాహ్నం ఆ సాక్ష్యాన్ని డైరీలో రాయబోతూ మంగళవారం పుట చూశాను. ఏడు నుంచి నాలుగు వరకు తొమ్మిది గంటలు. మామూలు గొట్టంలో రక్తకణాలు గంటకు ఆరు శాతం దాకా చక్కెరను తినేస్తాయి; 168ని ఆ చొప్పున తగ్గిస్తూ వస్తే 96 దగ్గర ఆగింది. లెక్క కుదిరినంత మాత్రాన అదే జరిగిందని రుజువు కాదు. ఆ రోజు ఆమె చక్కెర నిజంగా ఎంతో నాకు తెలియదు. తెలియకుండానే సంతకం పెట్టానన్నది మాత్రం నిశ్చయం.

సోమవారం ఉదయం ఆరున్నరకు చాకవేలులో ఆమె గుమ్మం ముందు నిలిచాను.

"ఏమప్పా, ఈ పొద్దు మంగళవారం కాదే!"

జరిగింది చెప్పాను. ఆమె విత్తనాలకు కాయలు ఒలవడం ఆపలేదు.

"నువ్వు గూడా చప్పట్లు కొడ్తివి గదా?"

"కొట్టానమ్మా. అది నిజమైతే బాగుండునని నాకూ అనిపించింది."

"మళ్ళా పరీచ్చ చేయించుకుంటే దేవుణ్ణి అనుమానించినట్ల కాదా?"

"దేవుణ్ణి కాదమ్మా, నన్ను అనుమానించండి."

ఒలుస్తున్న కాయలు పక్కన పెట్టింది. తర్వాత చెయ్యి చాపింది. "ఇంగా ఏమీ తినలే. తీసుకో. గొట్టం సరైందేనా, చూసుకోప్పా!"

పది గంటలకు పరీక్షించి ఫోన్ చేశాను. "నూట అరవై నాలుగమ్మా."

"నిన్నటి మాత్ర వదిలేస్తి గదా, ఈ పొద్దు రెండు మింగల్నా?"

"వద్దమ్మా. ఎప్పటిలా ఒక్కటే."

మా సంఘంలో చెప్పిన సాక్ష్యాన్ని ఎవరూ వెనక్కి తీసుకోగా నేను చూడలేదు. మరుసటి ఆదివారం తప్పు నాదని చెప్పడానికి పాస్టరుగారి అనుమతి తీసుకున్నాను. నేను లేచేలోపే ఆమె లేచింది. "పోయిన వారం నేను చెప్పింది నిజం గాదు. మాత్రలు మింగతాండాను. మీరెవురూ నన్ను చూసి మానొద్దండి" అని కూర్చుంది. ఆ తర్వాత నేను నా తప్పు చెప్పాను. ఏ పాట అందుకోవాలో తెలియక పాస్టరుగారు పుస్తకం తిరగేస్తూ ఉండిపోయారు.

ఇది నీకెలా తెలుసు అని ల్యాబ్‌లో ప్రతి అంకెనూ అడిగే నేను, ఆ ప్రశ్నను చెప్పులతో పాటు చర్చి బయట వదిలి లోపలికి వెళ్ళేవాణ్ణి. అది భక్తి అనుకున్నాను. నిజానికి అది భయం. అడిగితే నా విశ్వాసం నిలవదేమోనన్న భయం. ఆ భయం మార్తమ్మకు లేదు.

ఆ రోజు ఆరాధన ముగిశాక సంఘపెద్ద ఒకాయన ఆమెను నిలదీశారు. "ఏమ్మా, దేవుడు బాగు చేస్తాడని ఇంగ నమ్మవా?"

"నమ్మకేమప్పా," అంది మార్తమ్మ. "చేసినాక చెప్తా."