పెదనాన్న దగ్గు, నా గాలి లెక్క

ఆ రోజుల్లో, లెక్కపెట్టినదంతా అర్థమైపోయినట్టే అనుకునేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ళ వయసు, ఇంటర్‌తో ఆగిన చదువు, గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కాటా గుమాస్తా ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టిక్కీలు (మిర్చి బస్తాని మా వైపు టిక్కీ అంటారు) కాటా ఎక్కుతూ దిగుతూ ఉంటే అంకెలు రాసుకోవడం నా పని. పని అయిపోయాక కూడా ఆ అలవాటు వదిలేది కాదు. ఇంటి నుంచి బస్టాపుకి ఎన్ని అడుగులో, వీధి కుళాయి కింద బిందె నిండటానికి ఎన్ని సెకన్లో, పెళ్ళి భోజనాల్లో సాంబారు బకెట్టు నా విస్తరి దగ్గరికి ఎన్ని నిమిషాలకోసారి వస్తుందో, అన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కేవి. (సాంబారు లెక్క ఎప్పుడూ తప్పలేదు. దాన్ని నమ్ముకుని అన్నం మిగుల్చుకునేవాణ్ణి.) అలా లెక్కపెట్టి లెక్కపెట్టి మా పెదనాన్న ప్రాణం మీదికి తెచ్చాను. ఈ సంగతి చెబుతుంటే వినేవాళ్ళు మొదట నవ్వుతారు, కాసేపటికి ఆపేస్తారు. నేనూ అంతే.

పెదనాన్న ముప్పై ఏళ్ళు పోలీసు ఆయుధాగారంలో తుపాకులకు నూనె రాసి, వాటిని కాల్చే అవకాశం పెద్దగా రాకుండానే రిటైరై, మిర్చి యార్డులో వాచ్‌మన్‌గా చేరాడు. ఆదివారాలు మాత్రం ప్రత్తిపాడు దారిలో ఉన్న రైఫిల్ క్లబ్బు మైదానం ఆయన రాజ్యం. నన్ను అక్కడికి లాక్కెళ్ళింది ఆయనే. అందరిలా నిలబడో, బోర్లా పడుకునో కాల్చడం నాకు చేతకాలేదు, చేతులు వణికేవి. అందుకని బల్ల పోటీలో కూర్చోబెట్టాడు. అందులో సన్న తూటాల రైఫిల్ బల్ల మీద స్టాండుకి ఆని పడుకుంటుంది, తుపాకి వెనక మడమ కింద చిన్న సంచి ఉంటుంది, మనిషి పక్కన కూర్చుని వేలితో మీట తాకడమే. యాభై మీటర్ల దూరంలో ఒక అట్ట, అట్ట మీద ఇరవై అయిదు వలయాలు, ఒక్కో వలయానికి ఒక్కటే గుండు. పది మార్కుల చుక్క కందిగింజంత ఉంటుంది. చెయ్యి వణికిందనో, ఊపిరి నిలవలేదనో సాకు చెప్పడానికి వీల్లేదు. మా కోల్డ్ స్టోరేజీ హమాలీలకు ఇదంతా వివరిస్తే, పనంతా తుపాకే చేసుకుంటుంటే మధ్యలో నువ్వెందుకని అడిగారు. సమాధానం చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. మధ్యలో నేను ఉన్నది గాలి కోసం. ఆ గుండు ఎంత తేలికంటే, చొక్కా కాలరు కూడా కదిలించని గాలి దాన్ని గింజ అవతలికి నెట్టేస్తుంది.

నేను మొదట గాలి జోలికి పోలేదు. తెలిసిన కంసాలి దగ్గర త్రాసు అడిగి తెచ్చుకుని తూటాలన్నీ తూచాను. బరువులవారీగా అగరుబత్తి పెట్టెల్లో సర్దాను. (క్లబ్బులో నా పేరు తక్కెడ అయింది అప్పుడే.) నెల రోజుల కష్టానికి అట్టకు రెండు మార్కులు పెరిగాయి. గాలి ఉన్న రోజు పదిహేను పోయేవి. పెదనాన్న ఆ పెట్టెల వంక చూసి, "ఒరేయ్, తూకాలు చాలుగానీ, గాలి ఏ కాటా ఎక్కుద్దో అది చెప్పు" అన్నాడు. అప్పుడు సైకిల్ పుల్లలకు చీరాల మగ్గాల వేస్టు నూలు కట్టి, బల్లకూ అట్టకూ మధ్య మూడు జెండాలు పాతాను. పుల్ల మీద నూలు ఎంత లేస్తే గుండు ఎంత జరుగుతుందో రాయడం మొదలుపెట్టాను. చిక్కేమిటంటే, జెండా కదిలిందని నేను గమనించేసరికి వేలు మీట నొక్కేసేది. నాకు కావలసింది ఉన్న గాలి కాదు, రాబోయే గాలి.

అది నాకు పెదనాన్న రూపంలో దొరికింది. మైదానానికి వెనక, ఎడమ చేతి పక్కన, మిరప కళ్ళాలు ఉండేవి. మొదటి కోత దిగగానే ఎకరాల కొద్దీ ఎర్రగా పరిచేవాళ్ళు. గాలి అటు నుంచి తిరిగితే ఘాటు ముందు మా బల్లల మీదికొచ్చి, తర్వాత జెండాల దాకా పోయేది. పెదనాన్న నా వెనక స్టూలు మీద కూర్చుని టెలిస్కోపులో అట్ట చూసేవాడు. ఒక ఆదివారం ఆయన దగ్గాడు. కొన్ని సెకన్లకు రెండో జెండా లేచింది. మళ్ళీ దగ్గాడు, మళ్ళీ లేచింది. ఆ రోజు నేను అన్నం తినడం మర్చిపోయాను. మర్నాటికల్లా నోటుబుక్కులో 'దిక్కు'కీ 'జరుపు'కీ మధ్య కొత్త గడి వెలిసింది. దాని పేరు 'దగ్గు'. గొంతు సవరిస్తే చుక్కకు అర గింజ ఎడమగా గురి పెట్టాలి. రెండు దగ్గులైతే గింజన్నర. తెరలు తెరలుగా దగ్గితే వేలు తీసేసి ఆగాలి. నాకూ దగ్గు వచ్చేదిగానీ, నేను మొహానికి తువ్వాలు కట్టుకునేవాణ్ణి. పైగా తన దగ్గుని తనే కొలుచుకోవడం శాస్త్రీయం కాదని నా అభిప్రాయం. పెదనాన్నకు ఈ సంగతి చెబితే పడీపడీ నవ్వాడు. "ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క మెడల్ రాలేదురా నాకు. దగ్గుకి వస్తదేమో చూడు" అన్నాడు. నవ్వితే దగ్గొచ్చింది. అది కూడా రాసుకుని, గాలి లేదు కాబట్టి కొట్టేశాను.

మార్చి వచ్చేసరికి కొట్టివేతలు ఎక్కువయ్యాయి. జెండా వేలాడుతూనే ఉంటుంది, ఆయన దగ్గుతుంటాడు. పొద్దున్నే, ఘాటు లేవకముందు కూడా దగ్గుతున్నాడు. మిరప కళ్ళాల మధ్య బతికే ఊళ్ళలో దగ్గుని ఎవరూ పట్టించుకోరు. ఆ నాలుగు నెలలూ పలకరింపు ముందు దగ్గడం మా వైపు మర్యాదలాంటిది. నేను పట్టించుకున్నాను, కానీ ఎలాగంటే, ఇలాంటివి మూడు వరసగా వచ్చిన రోజు అంచులో 'తప్పు రీడింగు' అని రాసి పెట్టాను. ఇంకో వారం 'పరికరం సరిగా లేదు' అని రాశాను. ఆయన చొక్కా వదులైందని పెద్దమ్మ ఒకసారి అంటే, వేసవి కదా అన్నాను. నాకు తెలిసిన కాటాలన్నీ టిక్కీల కోసమే. పెదనాన్నని ఎప్పుడూ ఎక్కించలేదు.

ఏప్రిల్‌లో మా మైదానంలోనే పోటీ జరిగింది. నాలుగు జిల్లాల వాళ్ళు వచ్చారు. ఒక్కొక్కరికి మూడు అట్టలు, అట్టకు ఇరవై నిమిషాలు. మొదటి ఇద్దరూ పై పోటీకి వెళ్తారు. నా పక్క బల్ల చీరాల షావుకారుది. చీరల వ్యాపారం, విదేశీ రైఫిల్, పట్టు పంచె లాంటి మర్యాద. రెండు అట్టలు అయ్యేసరికి నేను ఆయన కంటే మూడు మార్కులు ముందున్నాను. పెదనాన్న దగ్గుతున్నాడు, నేను జరుపుతున్నాను, గుండ్లు కందిగింజలో పడుతున్నాయి. మా నోటుబుక్కు కథ క్లబ్బులో తెలియనివాళ్ళు లేరు కాబట్టి షావుకారు చెవిన కూడా పడింది. ఆయన లేచి జడ్జిల దగ్గరికి వెళ్ళి, చాలా వినయంగా, పోటీలో వెనక నుంచి సలహా ఇవ్వకూడదని నిబంధన ఉంది కదండీ, ఈ దగ్గు సలహా కిందికి వస్తుందా రాదా చెప్పమన్నాడు. జడ్జిలు ముగ్గురూ నిబంధనల పుస్తకం తిరగేశారు. సైగల గురించి ఉంది, మాటల గురించి ఉంది, దగ్గు గురించి లేదు. ఒకాయన, దగ్గు దేవుడిచ్చింది, సలహా మనిషిచ్చేది అన్నాడు. ఇంకొకాయన, అయితే రెండు దగ్గులకీ ఒక దగ్గుకీ అర్థం వేరెందుకుంది అన్నాడు. పావుగంట వాదించుకుని తీర్పు చెప్పారు: పెదనాన్న కూర్చోవచ్చు, దగ్గకూడదు. దగ్గితే నన్ను తీసేస్తారు.

అందరూ నవ్వారు. పెదనాన్న కూడా నవ్వాడు. భుజం మీది తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, "నువ్వు కాల్చుకోరా. నేను చూసుకుంటా" అన్నాడు.

మూడో అట్ట మొదలైంది. వెనక నుంచి చప్పుడు లేదు. మొదటి పది గుండ్లు బాగానే పడ్డాయి. ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన దగ్గుని ఆపుకుంటున్నాడని నాకు తెలుసు; తీర్పు నా ముందే చెప్పారు. కానీ పదకొండు వారాలుగా నా చెవికి అలవాటైన లెక్క వేరు. వెనక నిశ్శబ్దంగా ఉంటే గాలి లేదని అర్థం. వేలు ఆ లెక్కనే నమ్మింది. పదకొండో గుండు నుంచి ఒక్కొక్కటీ కుడి పక్కకు పోవడం మొదలైంది. ఘాటు తువ్వాలు దాటి నా ముక్కుకి తగులుతూనే ఉంది, జెండాలు లేస్తూనే ఉన్నాయి, నేను మాత్రం నిశ్శబ్దాన్ని చూసి కాలుస్తున్నాను. ఇరవై అయిదు పూర్తయ్యేసరికి మూడో స్థానంలో ఉన్నాను. ఒళ్ళు మండిపోయి వెనక్కి తిరిగాను. ఆ క్షణంలో నా నోటి వెంట వచ్చిన మాట ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు.

"ఒక్కసారైనా ఎందుకు దగ్గలేదు పెదనాన్నా?"

ఆయన మొహం ముదురు రంగుకి తిరిగింది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఇరవై నిమిషాలు లోపలే బిగబట్టిన దగ్గు అప్పుడు బయటికొచ్చింది. స్టూలు మీద నుంచి ముందుకు వంగిపోయాడు. తువ్వాలు తీసేసరికి మధ్యలో ఎర్రగా ఉంది. మిర్చి రంగు నాకు ఎన్ని రకాలో తెలుసు, తేజ ఏదో బ్యాడిగ ఏదో దూరం నుంచి చెప్పగలను. అది మిర్చి కాదు.

ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది షావుకారు కారే. దారంతా ఆ మనిషి, కంప్లైంటు ఇవ్వకుండా ఉండాల్సిందబ్బాయ్ అని నాలుగుసార్లు అన్నాడు. తర్వాత ఆలోచిస్తే, ఆ పదకొండు వారాల్లో పెదనాన్న దగ్గు ఆపాలని అడిగిన మనిషి ఆయనొక్కడే.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూస్తూ దగ్గు ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. రెండు వారాలండీ, కళ్ళాల ఘాటు అన్నాడు పెదనాన్న. నెల దాటిందమ్మా అంది పెద్దమ్మ. నేను సంచిలోంచి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాను. తారీకులు, వేళలు, ఒక్కో దగ్గు విడివిడిగా. ఆవిడ పేజీలు తిప్పి, పేషెంటు తరఫు వాళ్ళు ఇంత వివరంగా రాసి తేవడం తానెప్పుడూ చూడలేదంది. (సిగ్గు విడిచి చెబుతున్నాను, అంతలోనూ నాకు కాస్త గర్వం కలిగింది.) మరికొన్ని పేజీలు తిప్పి ఆగింది.

"ఇవన్నీ ఎందుకు కొట్టేశారు?"

"అవి లెక్కలోకి రావండి. అప్పుడు గాలి లేదు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "గాలి లేకపోతే మరి ఆయన ఎందుకు దగ్గారు?"

పెద్దమ్మ నా వైపు తిరగలేదు. అదే నయం. పెదనాన్న మాత్రం, "వాణ్ణేమీ అనకండమ్మా. నాకైనా తెలియొద్దా" అన్నాడు, మధ్యలో రెండుసార్లు ఆగి.

క్షయ. కళ్ళె పరీక్షలో తేలింది. మా క్లబ్బు మొత్తం ఎక్స్‌రేలకు వరస కట్టింది. షావుకారు పంచె ఎత్తి పట్టుకుని నా వెనకే నిలబడ్డాడు. ఎవరికీ ఏమీ లేదు. పెదనాన్న మందులు ఒక్క పూట తప్పలేదు, జబ్బు పోయింది. కానీ అప్పటికే ఎడమ ఊపిరితిత్తి చాలావరకు పాడైపోయింది. జనవరి చివర్లో వచ్చుంటే ఇంత జరిగేది కాదని డాక్టరమ్మ అంది. జనవరి చివర అంటే నా మొదటి పేజీ. తర్వాత ఆయన మైదానానికి వచ్చినా, అట్ట దాకా నడిచి రావడానికి రెండుచోట్ల ఆగేవాడు. ఆగిన చోట నిలబడి, ఏదో జెండా చూస్తున్నట్టు నటించేవాడు. నేనూ అటే చూసేవాణ్ణి. ఆయన రెండో వేసవి దాటలేదు.

ఇప్పుడు నాకు నలభై ఏడు. కాటా గది నుంచి మేనేజరు గదికి మారాను. ఆదివారాలు ఇంకా కాలుస్తాను, మార్కులు ఫర్వాలేదు. కానీ ఎక్కడైనా ఎవరైనా దగ్గితే ఊరుకోలేను. పెళ్ళిళ్ళలో, రేషను షాపులో, బ్యాంకులో, ఎన్నాళ్ళ నుంచండీ అని అడిగేస్తాను. నాతో బయటికి రావాలంటే నా భార్యకు తలకొట్టేసినట్టుంటుంది. పోయిన నెల చీరాల బస్సులో ముందు సీటాయన అదే పనిగా దగ్గుతున్నాడు. కిటికీ మూయమంటారా అన్నాడు. వద్దు, తీసే ఉంచండి, ఇది ఎన్నాళ్ళ నుంచి అన్నాను. కళ్ళం పనండీ, ఈ కాలంలో మామూలేగా అన్నాడు. రెండు వారాలు దాటితే మామూలు కాదు, ప్రభుత్వాసుపత్రిలో కళ్ళె పరీక్ష చేయించుకోండి, ఊరికే చేస్తారు అన్నాను. మీరు డాక్టరా అని అడిగాడు. కాదన్నాను. నన్ను ఎగాదిగా చూసి, లేచి, నాలుగు సీట్లు ముందుకెళ్ళి కూర్చున్నాడు. ఇరవై నాలుగేళ్ళప్పటి నేనైతే, ఎన్నిసార్లు దగ్గాడో వెనక కూర్చుని రాసుకుంటూ ఉండేవాణ్ణి. పాపం, ఎంత శ్రద్ధగా రాసేవాడో. నేను సంచి భుజాన వేసుకుని, పడబోతూ కడ్డీలు పట్టుకుంటూ వెళ్ళి, ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. ఆయన కిటికీ వైపు జరిగాడు. చీరాల ఇంకా ముప్పావు గంట. అంతసేపూ నన్ను భరించక తప్పదు.