దీపావళి నాడు కొన్న ఎర్రగడ్డలు

నంద్యాల బజారులో, దీపావళి పొద్దున, ఇరవై ఐదు రూపాయలు చెప్పిన ఎర్రగడ్డల మూటను ఇరవైకి దించిన ఘనురాలిని నేను. అదీ ఒకటి కాదు, రెండు మూటలు. అమ్మిన రైతు తల పట్టుకున్నాడు. పక్క అంగడివాళ్లు త్రాసులు వదిలేసి చూశారు. నా జన్మలో అంత గొప్ప బేరం మళ్లీ చేయలేదు. అంత పనికిమాలిన సరుకు మళ్లీ కొననూ లేదు.

డెబ్బైల చివరి మాట. నాకు కొత్తగా పెళ్లయింది. తొలి దీపావళికి మా ఆయన్ని వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ నుంచి పుట్టింటికి వచ్చాను. మా నాయనకు నంద్యాలలో చిల్లర అంగడి. నేను తూకంరాళ్లతో ఆడుకుంటూ పెరిగినదాన్ని. ఆ సంగతి తెలిసే మా అత్త బయల్దేరేటప్పుడు చేతిలో డబ్బులు పెట్టింది.

"అంగడోళ్ల బిడ్డవి గదా. కొత్త పంట వచ్చేదాకా సరిపడా చింతపండు, మిరపకాయలు, కందిబ్యాళ్లు ఆడ్నే కొనుక్కురా. మోసపోకుండా తెస్తే సామాన్ల గది బీగంచెవి నీకే ఇస్తా."

ఆ తాళంచెవి మీద నాకు ఎంత ఆశో చెప్పలేను. మా అత్తింట్లో తాళింపుకు నాలుగు ఆవాలు కావాలన్నా ఆమె లేచి వచ్చి, గది తీసి, కొలిచి ఇచ్చేది. అంగట్లో పుట్టి ఆవాలు అడుక్కోవడం! ఆమె చెప్పినవన్నీ ముందురోజే కొన్నాను, ఏరి, దులిపి, నలిపి చూసి మరీ. ఇంకా డబ్బులు మిగిలాయి. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ఇంతలో ఎర్రగడ్డల బండి కనబడింది. ఉల్లిపాయలను మా వైపు అలాగే అంటారు.

రైతు మాటిమాటికీ ఎద్దుల వైపు చూస్తున్నాడు. పండగపూట ఇల్లు చేరాలని తొందర అనుకున్నాను. తొందరపడేవాడి దగ్గరే బేరం చేయాలని నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

"ఏందన్నా, గడ్డలా బంగారమా? ఇరవై."

"ఇరవైకా? నా కూలి కూడా రాదు తల్లీ!"

"అట్లయితే మళ్లీ ఊరికి మోసుకుపో. ఎద్దులకు పండగ."

నాలుగు అడుగులు నడిచాను. అయిదోది వేయకముందే పిలిచాడు.

మా నాయన అంగట్లోంచి వచ్చి ఒక గడ్డ మెడ నొక్కి చూశాడు. "అమ్మీ, ఇంకా పచ్చిగా ఉండాది. ఈ వానకాలం గడ్డ నిలవదు. ఎండాకాలం గడ్డ కొనల్ల."

"నువ్వు అమ్మేవాడివి నాయనా. కొనేవాళ్ల తెలివి నీకెట్లా తెలుస్తాది?" అన్నాను. ఆయన గడ్డను మూటలో పడేసి అంగట్లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు మూటలు బస్సు టాపు మీదకెక్కాయి. దారి పొడుగునా నేను బేరం కథ చెబుతూనే ఉన్నాను, మా ఆయన వింటూనే ఉన్నాడు. ఆళ్లగడ్డలో దిగి, హమాలీతో మూటలు మోయించుకుని ఇంటి ముందు నిలబడితే, మా అత్త గడపకు అడ్డంగా చేయి పెట్టింది.

"ఏందివి?"

"ఎర్రగడ్డలత్తా. ఇరవైకే..."

"ఈపొద్దు నుంచి కార్తీకం. నెల్లాళ్లు ఈ ఇంట్లో ఎర్రగడ్డా, తెల్లగడ్డా గడప దాటవు. నీకు తెల్దా?"

నాకు నిజంగా తెలియదు. మా పుట్టింట్లో ఉల్లి, వెల్లుల్లి కార్తీక సోమవారాలు మాత్రమే మానేవాళ్లం. మా ఆయన వైపు తిరిగాను. "నువ్వైనా చెప్పకూడదా?"

"నన్ను మాట్లాడనిస్తివా?" అన్నాడు.

ఆ రైతు తొందర ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. వాడికి పండగ గుర్తులేదు, మర్నాడు మొదలయ్యే కార్తీకం గుర్తుంది.

చింతపండు, మిరపకాయలు లోపలికి వెళ్లాయి. ఎర్రగడ్డలు వీధి అరుగు మీద ఉండిపోయాయి. పైగా ముసురు పట్టింది. నేను రోజూ వాటిని పరిచి, ఏరి, కుళ్లినవి తీసి పారేస్తుంటే దారినపోయేవాళ్లు ఆగేవాళ్లు. "ఎట్లిస్తాండావమ్మా?" అని అడిగేవాళ్లు. లోపల్నుంచి మా అత్త, "అమ్మేది కాదప్పా, మా కోడలు వాటికి సేవ చేస్తాండాది" అనేది.

ఎదురింట్లో ఒక టీచరమ్మ ఉండేది. వాళ్లు క్రైస్తవులు, కార్తీకంతో పని లేదు. నేను ఒక పథకం వేసుకుని వెళ్లాను. ఇప్పుడు ఈ గడ్డలు వాడుకుంటే, కార్తీకం పోయాక అంతే తూకం కొని తిరిగి ఇస్తే చాలునని చెప్పాను.

ఆమె నవ్వింది. "ఇప్పుడు కుళ్లేవి తీసుకుని తర్వాత గట్టివి ఇయ్యల్లనా? పిల్లోళ్లకు పాఠం చెప్పేదాన్నే గాని, నీకు పిచ్చిదాని మాదిరి కనపడతాండానా?"

"మరి ఎంతిస్తావు?"

"రెండు కిలోలకు ఒక కిలో. అదీ నేను ఏరుకున్నవే."

"అన్యాయం టీచరమ్మా!"

"అట్లయితే అరుగు మీదే పెట్టుకో. వాసన బాగుంటాది."

తలుపు దాకా నడిచాను. ఆమె పిలవలేదు. గడప మీద నిలబడి లోపలికి తిరిగింది నేనే. ఆమె ఏరుకున్నవి తను కొన్ని ఉంచుకుని, మిగతావి తోటి టీచర్లకు పంచింది. ఆ సాయంత్రం ఎదురింటి నుంచి ఎర్రగడ్డలు వేగే కమ్మటి వాసన మా పూజగదిలోకి వచ్చింది. మా అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నన్నొక చూపు చూసింది.

కార్తీకం పోయింది. టీచరమ్మ మాట ప్రకారం లెక్క తప్పకుండా గట్టి గడ్డలు పంపింది. ఆ సాయంత్రం మా అత్త బీగంచెవి తీసి పీట మీద పెట్టింది.

"మిరపకాయలు బాగుండాయి. చింతపండు బాగుండాది. ఎర్రగడ్డల లెక్క చెప్పి చెవి తీసుకో. నిజం లెక్క."

"మూటకు అయిదు చొప్పున బేరంలో పది మిగిల్చినానత్తా" అని మొదలుపెట్టాను.

"ఆ పది యాడుండాది? చూపీ."

చూపించడానికి ఏముంది! అంగట్లో పెరిగిన నాకు, పెట్టెలో పడనిది లాభం కాదని ఒకరు చెప్పాలా? ఆ పది కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను. నేను చెప్పిన లెక్కకే చెవి చేతికొచ్చింది కాబట్టి, దాన్ని ఇక్కడ కూడా మార్చకుండా రాస్తున్నాను.

రెండు మూటలు, వంద కిలోలు, నలభై రూపాయలు. బస్సుకు నాలుగు, హమాలీకి రెండు. మొత్తం నలభై ఆరు. కుళ్లి పారేసినవి యాభై కిలోలు. టీచరమ్మ తీసుకున్నవి నలభై, తిరిగి ఇచ్చినవి ఇరవై. అరుగు మీద బతికి బట్టకట్టినవి పది. వెరసి ఇంట్లోకి వచ్చినవి ముప్పై కిలోలు. ఆ వారం ఆళ్లగడ్డ అంగట్లో కిలో రూపాయి, కాబట్టి ముప్పై రూపాయల సరుకు. ఖాళీ గోతాలు రెండు అమ్మితే వచ్చినవి రెండు రూపాయలు. నష్టం పద్నాలుగు రూపాయలు, నా ఏరుడు కూలి వేసుకోకుండా.