సరిపోయిందన్నాను

మా అక్క మొగుడు కాపెల్ ఊళ్లో గ్యారేజ్ తలుపు బార్లా తెరిచి సీసం కరిగించాడంటే నాలుగు వీధుల అవతల కుక్కలు కూడా ఇల్లు ఖాళీ చేసేవి. "నా ఎండుచేపల పులుసుకే కాలనీ హెచ్‌ఓఏ వాళ్లు ఉత్తరం రాశారు, ఈయన్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు" అని అక్క ఏడుపు.

బావ మా తెలుగు చర్చిలో సంఘ పెద్ద. భోజనానికి చేసినట్టే సీసానికీ ప్రార్థన చేసి, అచ్చులో పోసి, పిస్టల్ గుళ్లు తీసేవాడు. ఇత్తడి గొట్టంలో మందు పోసి, గుండు పెట్టి, ప్రెస్ హ్యాండిల్ లాగితే తూటా. గుండు ఎంత లోతుకి దిగాలన్నదే విద్యంతా. పైకుంటే బ్యారెల్ గొంతులో అడ్డం పడుతుంది. మరీ దిగితే లోపల ఒత్తిడి పెరిగి పిస్టల్‌తోపాటు వేళ్లూ పోవచ్చు. తేడా నువ్వుగింజలో సగం. ఈయన్ని అల్లుడిగా ఎంచినప్పుడు కూడా మా ఇంట్లో ఇంత కొలత చూడలేదు.

షుగర్ ఆయన కుడికన్ను ఎప్పుడో తినేసింది. ఎడమది కూడా ఈ సమ్మర్ దాటదన్నాడు డాక్టర్. బావకి ఒకటే కోరిక: అది ఆరిపోయేలోగా, కొత్త అచ్చులో తను పోసిన గుళ్లు పది కాల్చాలి.

"షాపు తూటాలకి ఈ కన్ను వేస్ట్ చెయ్యనురా" అన్నాడు.

కొలిచే అంకెలు ఆయనకి ఆనవు కాబట్టి ప్రెస్ ముందు నన్ను కూర్చోబెట్టాడు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. అచ్చయిన అంకె కనబడితే ఆలోచించడం మానేసే జాతి. తూటాల పుస్తకంలో పొడవెంతుందో అంతకే బిగించి, యాభై పట్టే పెట్టెకి నలభై తొమ్మిది తూటాలు చేసేశాను. ఆ పొడవు సన్నమూతి గుండుకి. మాది గుమ్మడికాయ మూతి.

"అంకెని కాదురా, బ్యారెల్‌ని అడుగు" అన్నాడు బావ. "ఊడదీసి, అందులో తూటా వదులు. టప్‌మని పడాలి."

యాభయ్యోది వదిలాను. టప్ అనలేదు. చుక్ అని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. వేలితో నొక్కితే కాస్త దిగింది.

"సరిపోయిందా?"

ఉప్పయినా, చొక్కా అయినా, పెళ్లిసంబంధమైనా మా ఇంట్లో ఆ ప్రశ్నకి ఒక్కటే జవాబు.

"సరిపోయింది బావా."

శనివారం షూటింగ్ రేంజ్‌కి వెళ్లాం. చర్చిలో ప్రభురాత్రి భోజనం ఇచ్చే రోజు వేసుకునే కోటు వేసుకొచ్చాడు. మొదటి తూటాకే పిస్టల్ నోరు సగం మూసి బిగుసుకుపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. రేంజ్ ఆఫీసర్ వచ్చి, జాగ్రత్తగా లాగితే, గుండు బ్యారెల్లోనే ఉండిపోయి, మందంతా ఆయన బూట్ల మీద రాలింది. ఇవాళ్టికి ఈ పిస్టల్ పక్కన పెట్టేయమన్నాడు.

బావ చెవులమీది మఫ్‌లు తీసి నావైపు తిరిగాడు.

"సరిపోయింది!"

నేనిచ్చిన మాటే. బోర్లా తిప్పి చేతిలో పెట్టాడు.

"వచ్చే శనివారం వద్దాం బావా" అన్నాను కార్‌లో.

"శనివారాలకేం, బోలెడు."

బుధవారం ఎడమకన్నులో రక్తం దిగింది. "సిరాబుడ్డి ఒలికినట్టుందిరా" అన్నాడు ఫోన్‌లో. వెలుతురు తెలుస్తుంది, ఆకారాలు తెలియవు, ఇక ఇంతే అన్నాడు డాక్టర్.

నేను తూటాలన్నీ విప్పి, సగం నువ్వుగింజ లోతు పెంచి, మళ్లీ కూర్చి పట్టుకెళ్లాను. బావ ఊడదీసిన బ్యారెల్ అరచేతిలో నిలబెట్టుకుని, చెవి దగ్గరగా వంచి, ఒక్కో తూటా వదిలాడు. టప్. టప్. అక్క కాఫీ పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏమిటండీ ఆ చప్పుడు?"

"కోడి గుడ్లు పెడుతోంది. నువ్వెళ్లు."

అన్నీ పడ్డాయి. ఒక్కటీ ఆగలేదు. పెట్టె మూతపెట్టి, గాల్లో కాస్త వెతికి, నా చేతికందించాడు.

"నువ్వు కాల్చెయ్."

కాల్చలేదు. ఆ పెట్టె మా గ్యారేజ్‌లో పెయింట్ డబ్బాల వెనక ఉంది.

ఆదివారాలు చర్చి అయ్యాక అక్కావాళ్లింట్లోనే భోజనం. అక్క నా కంచంలో అన్నం వడ్డిస్తూ "సరిపోయిందా?" అంటుంది. ఎదురుగా బావ మెతుకులు తడుముకుంటూ తల పక్కకి వంచి వింటుంటాడు. నేను కంచం ఇంకాస్త ముందుకి జరుపుతాను. అక్క వడ్డిస్తూనే ఉంటుంది.