నానమ్మ ఒళ్లో చేపల తట్ట

నిన్న నరసాపురం రేవులో అక్క పెళ్లి ఫోటోలు తీస్తుంటే, ఆరేసిన వలల వాసనకి చిన్నాన్న పెళ్లి గుర్తొచ్చింది. మన పేటలో కార్తీకమాసం పెళ్లిళ్ల ఫోటోలన్నీ ఆ రేవు గట్టు మీదే కదా, గుర్తుందా?

చిన్నాన్న పెళ్లి మర్నాడే నానమ్మ చేపలమ్మడానికి వెళ్లింది. ఫోటోల వేళకి అట్నుంచి నేరుగా రేవుకొచ్చి, నీళ్లు కారుతున్న తట్ట ఒళ్లో పెట్టుకుని మా మధ్య కూర్చుంది.

“తట్ట పక్కన పెట్టండి మామ్మగారూ, ఫోటో పాడైపోద్ది,” అన్నాడు ఫోటోగ్రాఫర్.

“ఈ పెళ్లి చేసింది ఈ తట్టేనయ్యా. ఇది లేపోతే నేనూ ఉండను,” అంటూ లేచింది నానమ్మ. ఆవిడతోపాటు చిన్నాన్నా లేచాడు. చివరికి ఫోటోగ్రాఫర్ తట్టతోనే ఫోటో తీశాడు.

నిన్నటి ఫోటోగ్రాఫరు, “వెనకాల ఆ వలలు తీయించండి, బాగోవు,” అన్నాడు.

నేను అక్కనీ బావనీ తీసుకెళ్లి సరిగ్గా వలల ముందే నిలబెట్టాను.

“ఇప్పుడు తీయండి,” అన్నాను.