జోజప్ప సోడా సీసా బండి దాటదు

జోజప్ప సోడాలో విషం ఉందని తిరువూరు బస్టాండులో అన్నవాడు నా మేనల్లుడు జగన్నాథరావు. వాడలా అనడానికి కారణం నా నోరు. ఈ రెండూ తెలియనివాళ్లు ఇప్పటికీ ఆ మనిషి మీద తలా ఒక మాట వేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

జోజప్పది చర్చి వెనక పేట. వాళ్ల నాన్న సున్నపు బట్టీలో నత్తగుల్ల కాల్చి కాల్చి దగ్గుతో పోయాడు. కొడుకు ఆ పొగలోకి పోనన్నాడు. విజయవాడ వెళ్లి సోడా కొట్టడం నేర్చుకుని వచ్చాడు. బస్టాండు ఎదురుగా ఒక తోపుడు బండి, చేత్తో తిప్పే మిషను, గ్యాసు సిలిండరు, ఆరు వరుసల గోలీ సీసాలు. ముప్పై ఏళ్లు అదే బండి, అదే చోటు. నీళ్లు కాచి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి గాని సీసాలో పోయడు.

వాడికి ఒక నియమం ఉంది. సీసా బండి దాటదు. బస్సు కిటికీలోంచి చెయ్యి చాపినా ఇవ్వడు. ఒకసారి జీపులో కూర్చుని సోడా తెమ్మన్న ఆఫీసరుకు కూడా "దిగి తాగండి సార్, సీసా బండి దాటదు" అన్నాడు. ఆఫీసరు దిగాడు. కళ్లెదుట లేని సీసా ఎవరి చేతిలో ఏమైందో తెలియదు, తెలియని సీసాలో ఇంకొకరికి సోడా పోయనంటాడు. పెళ్లిళ్లకు పిలిస్తే బండినే తోసుకొచ్చి పందిట్లో నిలబెడతాడు. అంత శుభ్రమైన మనిషిని పట్టుకుని విషం అన్నాడు మావాడు.

తొంభై తొమ్మిదిలో, మామిడికాయల బేరానికి మద్రాసు వెళ్లిన జగన్నాథరావు అక్కడెవరో షావుకారు ఇంట్లో ఉప్పునీళ్ల తొట్టి చూసి వచ్చాడు. మన చెరువు చేపలు కంటికి ఆనలేదు. ఎ.కొండూరు రైతులు వచ్చి నోరు తెరుచుకుని చూడాలంటే సముద్రమే కావాలి. కొత్త డాబా హాల్లో మంచమంత అద్దాల తొట్టి దిగింది. అందులో పగడాలు. పగడమంటే ఉంగరంలో రాయి అనుకున్నాను. కాదట, ప్రాణం ఉంటుందట, నీళ్లలో సున్నం పీల్చుకుని ఒంటి చుట్టూ గూడు కట్టుకుంటుందట.

ఆ సున్నం తరిగిపోకుండా అందించడానికి అద్దంలాంటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి వచ్చింది. దాని నిండా సున్నపురాయి ముక్కలు పోయాలి. తొట్టి నీళ్లు అందులో తిరుగుతుంటే గ్యాసు బుడగలు వదలాలి. గ్యాసుకు నీళ్లు పులిసి రాయిని కరిగిస్తాయి. కరిగిన నీళ్లు బొట్టు బొట్టుగా తొట్టిలో పడతాయి. గ్యాసు మరేదో కాదు, సోడా గ్యాసే. అందుకే జోజప్పను పిలిపించాడు.

రాయి మీ ఊళ్లో దొరికేదే పోసుకోమని తొట్టి అమ్మిన మద్రాసువాళ్లు చెప్పారట. ఆ ఉదయం మావాడు మా దొడ్లోకి వచ్చాడు. పశువుల కొట్టం వెనక తెల్లరాళ్ల కుప్ప ఒకటి ఉంది. మా ఆయన బతికుండగా ఖమ్మం వైపు నుంచి లారీలో తెప్పించినవి. వాటినే దంచి వాకిట్లో ముగ్గు పెట్టుకుంటాను.

"అత్తా, ఇది సున్నపురాయేనా?" అన్నాడు.

"తెల్లగా కనపడటంలా? సున్నం కాక పంచదారా?" అన్నాను.

జోజప్ప వచ్చేసరికి మావాడు గొట్టం నింపి మూత బిగించేశాడు. జోజప్ప దాని ముందు గొంతుకూర్చుని చెయ్యి చాపాడు.

"రాయి ఏం రాయండి బాబుగారూ?"

"నీ పని గ్యాసు. గ్యాసు చూసుకో. గొట్టం మీద చెయ్యి వెయ్యకు."

చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను. సిలిండరు బిగించి, ఊపిరికి ఒక బుడగ పడేలా తిప్పాడు. కింద ఊపిరికి రెండు బొట్లు పడేలా పెట్టాడు.

"ఇయ్యాల ఇంతే ఉంచండి. రేపు ఇదే టయానికి చూసి వెంట్రుకవాసి తిప్పండి. గ్యాసు తిప్పినరోజు బొట్టు ముట్టుకోవద్దు. రెండూ ఒకేసారి తిప్పితే ఏది చెడగొట్టిందో తెలవదండి."

మావాడు వింటేగా. రోజూ చిన్న సీసాలో తొట్టి నీళ్లు తీసుకుని మందు చుక్కలు వేసేవాడు. నీలం రంగు పసుపు తిరగడానికి ఎన్ని చుక్కలు పడితే నీళ్లలో అంత సున్నం ఉన్నట్టు లెక్క. చుక్కలు పెరగాల్సింది పోయి తగ్గుతున్నాయి. గ్యాసు చాలలేదని గ్యాసు పెంచాడు. బొట్టు చాలలేదని బొట్టు పెంచాడు. రెండూ ఒక్కపూటే. పదో రోజుకి పగడాలు ముడుచుకుపోయి, కొన్ని ఉడికిన గుడ్డులా తెల్లబడ్డాయి.

జీపు తీసుకుని నేరుగా బస్టాండుకు పోయాడు. బండి ముందు ఆపాడు, దిగలేదు.

"ఏం గ్యాసురా అది? నా పగడాలన్నీ చచ్చిపోతున్నయ్. ఇదేగా ఊరందరికీ తాగిస్తున్నావ్, విషం."

మూడు బస్సుల జనం విన్నారు. సీసా పట్టుకున్న కండక్టరు సగం సోడా నేల మీద పారబోశాడట. మర్నాటికి హోటలు వాళ్లు మొహం తిప్పుకున్నారు. ముందే సోడాకి చెప్పి ఉంచిన దశరథరామయ్య తన కూతురి పెళ్లికి బండి తేవద్దని కబురంపాడు. ముప్పై ఏళ్లు కాచి వడగట్టిన నీళ్లు ఒక్క మాటతో మురుగైపోయాయి.

నాలుగో రోజు జోజప్ప భార్య హన్నమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. ఏడవలేదు.

"మూడు రోజుల్నుంచి ఒక్క సీసా కీచుమనలేదమ్మగారూ. బాబుగారిని బతిమాలమని రాలేదు. ఆ గొట్టంలో పోసిన రాయి ఒక్కటి చూపించమంటున్నాడు మా ఆయన."

కుప్పలోంచి రెండు రాళ్లు కొంగులో కట్టుకుని బండి దగ్గరికి నడిచాను. జోజప్ప రాయిని అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. అంతే, మొహం మారిపోయింది.

"ఇది ముగ్గురాయమ్మగారూ. సున్నపురాయి ఇంత బరువుండదు."

నిమ్మకాయ కోశాడు. వాళ్ల నాన్న నాటి కాల్చని గుల్ల ఒకటి బండి మీద ఉంటే దాన్ని కత్తితో గీరి ఆ పొడి మీద రసం పిండాడు. బుసబుసా పొంగింది. ముగ్గురాయి గీరి దాని మీదా పిండాడు. తడిసింది, అంతే.

"ఏడాది గ్యాసు వదిలినా ఇది కరగదు. ఆ పులుపుకి తినడానికి సున్నం లేకపోతే పగడాల మీదకే పోద్ది. ఆయన తిప్పినకొద్దీ ఇంకా ఎక్కువ పోయింది." కత్తి తుడుస్తూ అన్నాడు, "ఆ రోజు చేత్తో పట్టుకోనిస్తే అప్పుడే చెప్పేవాణ్ణి."

అరవై ఏళ్లుగా ఆకుకు సున్నం రాస్తున్నాను, అరవై ఏళ్లుగా ముగ్గు పెడుతున్నాను. రెండూ తెల్లగా ఉన్నాయని రెండూ ఒకటే అనుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం మావాడి మీదకి కోపమై పోయింది. నిమ్మకాయ, గుల్ల, రాయి తీసుకెళ్లి వాడి హాల్లో, వాడి తొట్టి ముందే చేసి చూపించాను.

"సరేలే అత్తా, అయిందేదో అయింది. వాణ్ణి రమ్మను, వచ్చి సరిచేస్తాడు."

"వస్తాడు. ముందు నువ్వు బస్టాండుకు పోయి సోడా తాగు. విషమన్న నోటితోనే తాగు."

"ఇంటికి తెప్పించు, తాగుతా."

"సీసా బండి దాటదు."

"నడిరోడ్డు మీద నిలబడి తాగమంటావా? నా పరువేం కాను?"

"వాడి పరువు నడిరోడ్డు మీదే తీశావుగా. అక్కడే పడుంది, పోయి తియ్యి. రాయి నాదని నేను చెప్పుకుంటా. విషమన్న మాట మాత్రం నీది. దాన్ని నేను మొయ్యను."

రెండు రోజులు బిగుసుకుని కూర్చున్నాడు. గొట్టంలో రాళ్లు మార్చడం వాడికి చేతకాదు, మద్రాసువాళ్లు వచ్చేసరికి వారం. ఇంకో పగడం తెల్లబడింది. మనిషి పరువు పోతే కదలనివాడు, పగడం పోతే కదిలాడు.

నేను ముందే బండి దగ్గర నిలబడ్డాను. రోడ్డు మీద నిలబడి మంచినీళ్లయినా తాగి ఎరగనిదాన్ని, సోడా అడిగి తాగాను. హోటలు వాళ్లు, కండక్టర్లు చూస్తుండగా చెప్పాను: "రాయి నాది. తెల్లదంతా సున్నమనుకున్న తెలివీ నాదే. గ్యాసులో ఏమీ లేదు."

జీపు వచ్చింది. మావాడు దిగకుండానే చెయ్యి బయటికి చాపాడు. జోజప్ప సీసా తుడిచాడు. తుడిచి, బండి అంచున పెట్టాడు.

"దిగి తాగండి బాబుగారూ. సీసా బండి దాటదు."

నందిగామ బస్సు బయలుదేరబోతూ ఆగిపోయింది. మావాడు నా వైపు చూశాడు. నేను చూపు తిప్పలేదు. దిగాడు. గోలీ కీచుమంది. సీసా ఖాళీ అయ్యేదాకా తాగాడు. జోజప్ప ఆ సీసాను కడిగి వరసలో పెట్టాడు.

"గుల్ల కడిగి ఉంచానండి. గొట్టం విప్పేదీ నేనే, నింపేదీ నేనే."

"సరే," అన్నాడు మావాడు నేల చూస్తూ.

ఆ సాయంత్రం జోజప్ప గొట్టం విప్పి, ముగ్గురాళ్లు ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెట్టాడు. గుల్ల నింపి, ఊపిరికి ఒక బుడగ పెట్టాడు. వారం రోజులు రోజుకొకసారి వచ్చి వెంట్రుకవాసి తిప్పాడు. చుక్కలు పెరిగాయి. సగం పగడాలు బతికాయి.

దశరథరామయ్య కూతురి పెళ్లికి మాత్రం బండి వెళ్లలేదు. వద్దన్నవాడు మళ్లీ రమ్మనలేదు. తప్పయిందన్న మాట మా జగన్నాథరావు నోటి నుంచి ఇవాళ్టికీ రాలేదు, తాగానుగా అంటాడు. వాడు తాగింది అందరూ చూశారు. అన్నది మాత్రం కొందరు ఇంకా పట్టుకుని తిరుగుతున్నారు. వాళ్లెవరో నాకు తెలుసు. సోడా కావాలంటే బండి దగ్గరికే రావాలి, నేను శుక్రవారం సంతకు వచ్చినప్పుడు అక్కడే ఉంటాను, ఆ మాట నా ఎదుట అనమనండి.